అరచేతిలో పులుసు

నేను ఒక చెంచాను. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత కథకు అడ్డం వస్తుంది. మీ మనుషుల్లో కూడా చెంచాలుంటారని నాకు తెలుసు. అయితే నాకూ వాళ్ళకూ ఒక తేడా ఉంది. గిన్నెలో ఉన్నదాన్ని నేను నోటికి అందిస్తాను. వాళ్ళు పెద్దల నోట్లోంచి ఏది జారినా గిన్నె పట్టుకుని కూర్చుంటారు. నేను వంగానంటే ఎవడో గడ్డకట్టిన ఐస్‌క్రీములో పొడిచాడని అర్థం. వాళ్ళు వంగారంటే జీతం పెరుగుతోందని అర్థం.

కొలతల ప్రకారం నాది మధ్యతరగతి. చెంచాల్లో పెద్దదాన్ని, గరిటెల్లో చిన్నదాన్ని. గరిటెల సభకు వెళితే చిన్నవాళ్ళు వెనక కూర్చోవాలంటారు, చెంచాల సభకు వెళితే అధ్యక్షత వహించమంటారు. ఆ విధంగా అధ్యక్షులంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. అధ్యక్షుడిలో సగం భక్షుడు ఉంటాడన్న సంగతి మాత్రం తర్వాత తెలిసింది.

పుట్టింది విశాఖపట్నం పొలిమేరల్లో ఓ రేకుల షెడ్డులో. స్టీలు రేకును మిషను కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దారు. మీరు పుట్టాక దెబ్బలు తింటారు, మేం దెబ్బ తిన్నాకే పుడతాం. ఒకే రేకులోంచి నూట నలభై మందిమి, ఒకే ముఖం, ఒకే నడుము. ఎవరికీ ఎవరి మీదా అసూయ లేదు. సానపట్టేటప్పుడు కాస్త కీచుమన్నాం, అంతే. ఆ మెరుపు చూసి ఇక జీవితమంతా వెండిలా గడుస్తుందనుకున్నాం. స్టీలు బతుకుని స్టైలు బతుకనుకోవడం యవ్వనంలో అందరూ చేసే పొరపాటే.

మొదటి కొలువు ఓ హాస్టలు మెస్సులో. మెస్సు యజమానికి పిల్లల మీద ఎంత నమ్మకమంటే, మా తోకలకు చిల్లులు పెట్టించి, పురికొసతో బల్లలకు కట్టించాడు. మూడేళ్ళు నేను కట్టేసిన పశువులా సాంబారు తాగాను. దాన్ని సాంబారని మెస్సువాళ్ళు అనేవారు. పిల్లలు వేరే పేర్లతో పిలిచేవారు. నేను అందులో అడుగుదాకా మునిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, పిల్లలదే నిజం. చివరికి మెస్సు మూతపడింది, మేం తూకానికి పోయాం. తూకం కొట్టు నుంచి స్టీలు సామాన్లామె గంపలోకి ఎక్కాను. పాత బట్టలకు కొత్త స్టీలు ఇస్తానని కాలనీల్లో కేకేసుకుంటూ తిరిగే మనిషి ఆమె. నన్ను రెండు పూటలు చింతపండుతో తోమి, నా గతమంతా కడిగేసి, కొత్త సరుకు పక్కన పెట్టింది.

అలా ఒక మధ్యాహ్నం సాగరదీప్ కాలనీలో హైమావతి గారి గుమ్మం ముందు ఆమె గంప దించింది. హైమావతి గారు లోపలికి వెళ్ళి భర్తగారి సఫారీ జత ఒకటి తెచ్చి ఇచ్చారు.

"ఇది మరీ పాతదేమో అమ్మా" అని సామాన్లామె ఆ సఫారీని ఎండకు పెట్టి చూసింది.

"ఆయనకంటే కొత్తదే, తీసుకో" అన్నారు హైమావతి గారు.

అదే నా పెళ్ళిచూపులు. సఫారీ వెళ్ళింది, నేను వచ్చాను. సాయంత్రం ఇంటాయన వచ్చి సంగతి విని నన్ను ఎగాదిగా చూశాడు. "హైమా, ఆ సఫారీ ఎలాంటిదో తెలుసా? అది వేసుకుని మూడు లారీల శనగలు తిరస్కరించాను" అన్నాడు. అప్పటినుంచీ నన్ను చూసినప్పుడల్లా ఆయన కళ్ళలో ఆ సఫారీ మెదిలేది.

ఆయన పేరు పట్నాల చిదంబరం. ఓ గోదాముల సంస్థలో నాణ్యత చూసే అధికారిగా పనిచేసి దిగిపోయాడు. ముప్పై ఏళ్ళు బస్తాల్లో చువ్వ గుచ్చి, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఊది, చూసి, 'తిరస్కరించడమైనది' అని రాసిన చెయ్యి అది. పదవి ఆయనను విరమించింది గానీ ఆయన పదవిని విరమించలేదు. ఇంట్లో పప్పూ కూరా కూడా ఆయన దృష్టిలో లారీలో వచ్చిన సరుకే.

ఆయన పద్ధతి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా ఆ పద్ధతిలోనే ఉంది. ఆయనకు ఎంగిలి అంటే పడదు. చెంచాను నోట్లో పెట్టుకోవడం అనాగరికమని ఆయన అభిప్రాయం. వంట దగ్గర ఉప్పు చూడాలంటే చేయి చాచి నిలబడతాడు. హైమావతి గారు నాతో తీసి, జానెడు ఎత్తు నుంచి ఆ అరచేతిలో పోస్తారు. ఆయన తీర్థం పుచ్చుకున్నట్టు జుర్రుతాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చేయి చాచేముందు, కరోనా రోజుల్లో అలవాటైన సీసా ఒకటి జేబులోంచి తీస్తాడు. సంపెంగ వాసన వేసే జిగురు ద్రవం. అరచేతిలో రెండు నొక్కులు నొక్కి, రుద్ది, ఆరకముందే ఆ చేయి చాచేస్తాడు. నేను పోస్తాను. ఆయన జుర్రి, కళ్ళు మూసుకుని, ఒక్క మాట అంటాడు.

"సబ్బు."

అయిదేళ్ళు నేను ఆ మాట విన్నాను. పప్పులో సబ్బు, చారులో సబ్బు, పాయసంలో సబ్బు. గిన్నెలు సరిగా కడగడం లేదని తీర్మానించారు. హైమావతి గారు మూడు రకాల సబ్బులు మార్చారు. తర్వాత పదకొండేళ్ళుగా పనిచేస్తున్న సత్తెమ్మను మాన్పించారు. ఆమె వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి, "నా చేతుల్లో ఏం తప్పుందమ్మా" అని తన చేతులే తిప్పి తిప్పి చూసుకుంది. తప్పు ఏ చేతిలో ఉందో నాకు తెలుసు. కానీ నోటికి అందించేదాన్నే గానీ నోరున్నదాన్ని కాను. చేతులు కడుక్కోవడమంటే బాధ్యత వదిలించుకోవడమని మీరంటారు. ఈయన చేతులు శుభ్రం చేసుకున్నప్పుడల్లా బాధ్యత ఇంకొకరి మీద పడేది.

కాలనీ పార్కులో ఒక మూల రేకుల నీడ, కుళాయి, కరెంటు ఉన్న జాగా ఒకటి ఖాళీగా ఉంది. సాయంత్రం నడకకు వచ్చేవాళ్ళకు తినడానికేమైనా దొరికితే బాగుండునని ఎవరో అన్నారు. సంక్షేమ సంఘం ఒక ఫుడ్ ట్రక్కుకు ఆ చోటు శాశ్వతంగా ఇద్దామని నిర్ణయించింది. నగరంలో పేరున్న ట్రక్కులు తిరిగి, రుచి చూసి, ఒకదాన్ని ఎంపిక చేయాలి. సంఘం అధ్యక్షుడు ఎవరో నేను చెప్పక్కర్లేదు. కార్యదర్శి సాంబమూర్తి. ఈయన గురించి ఒక్క మాట చాలు. చిదంబరం గారు తుమ్మితే ఈయన 'నిజమేనండీ' అంటాడు. నన్ను చెంచా అని పిలిచి అతన్ని సాంబమూర్తి అని పిలవడం ఏం న్యాయమో మీరే ఆలోచించండి.

రుచి చూడడానికి అభిరుచి ఉండాలి. వీళ్ళిద్దరికీ ఉన్నది రసీదు పుస్తకం. ఒకే చెంచాతో అన్ని చోట్లా రుచి చూడాలని, అదీ అరచేతిలోకే పోయాలని అధ్యక్షుడు నిబంధన రాయించాడు. అలా నేను కమిటీలో మూడో సభ్యురాలినయ్యాను. కారులో నాలుగో మనిషి హైమావతి గారు. ఇంట్లో ఒక్కరే కూర్చోలేక వస్తారు. నన్ను రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని మోస్తారు. ఆ కారులో వంట వచ్చినది ఆవిడ ఒక్కరికే కాబట్టి ఆవిడను రుచి చూడమని ఎవరూ అడగలేదు.

మొదటి సాయంత్రం మద్దిలపాలెంలో 'ట్రక్‌నుమా బిర్యానీ'. యజమాని జిలానీ మూత తీస్తే ఆ ఆవిరికి నా ఒళ్ళు చెమర్చింది. చిదంబరం గారు రెండు నొక్కులు నొక్కి, రుద్ది, చేయి చాచాడు. నేను పోశాను. ఆయన జుర్రాడు.

"సబ్బు. రాసుకోవయ్యా."

"సబ్బేనండీ" అని సాంబమూర్తి రాసుకున్నాడు. అతను మెతుకు ముట్టలేదు. అధ్యక్షులవారి నోరుండగా తన నోరెందుకని అతని వినయం.

"సార్, మా తాతల కాలం నుంచి బిర్యానీలో సబ్బు వెయ్యలేదు సార్" అన్నాడు జిలానీ. "నమ్మకపోతే కోణ్ణి అడగండి, లోపలే ఉంది."

రెండో రోజు ఎంవీపీ కాలనీలో 'దోసెడు దోసెలు'. భార్యాభర్తలు నడుపుతారు. పచ్చడి అరచేతిలో పడగానే ఆయన మొహం చిట్లించాడు. ఆవిడ కంగారు పడి, "సబ్బా? అది కొబ్బరండీ" అంది. "కొబ్బరి సబ్బేమో" అన్నాడు సాంబమూర్తి. మూడో రోజు గాజువాకలో 'నూడిల్సే నూరేళ్ళు'. అరచేతిలో వేసిన నూడిల్సు మోచేతి దాకా వేలాడాయి, ఆయన తల వంచి కింది నుంచి పైకి పాకుతూ తిన్నాడు. నగర పౌరులు నలుగురు నిలబడి చూశారు. అక్కడా సబ్బే. ఇక సాంబమూర్తి అడగకుండానే ముందుగా రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు సిరిపురంలో మోమోల ట్రక్కు. సంతోష్ అనే కుర్రాడు నడుపుతాడు. చల్లపెట్టెలోంచి తీసి, ఆవిరికి పెట్టి, పుల్లలు గుచ్చి ఇచ్చాడు. పుల్ల ఉంది కాబట్టి అరచేతి అవసరం రాలేదు. నా అవసరమూ రాలేదు, సంచిలోనే ఉన్నాను. మోమో చూడగానే అధ్యక్షులవారి మోము వికసించింది. నమిలాడు. మళ్ళీ నమిలాడు. కళ్ళు మూసుకుని, తెరిచాడు.

"సబ్బు లేదు" అన్నాడు, ఊళ్ళో ఇన్నాళ్ళకు ఒక పతివ్రత దొరికినట్టు.

అయిదో రోజు బీచ్ రోడ్డు. అక్కడి ట్రక్కుకు పేరు లేదు. పాత పార్సిలు బండి ఒకదాని పక్క గోడ కోసి కిటికీ చేసింది పైడితల్లి అనే ఆవిడ. భీమిలి వైపు మనిషి, యాభైకి అటూ ఇటూ. వంటా ఆవిడే, బండి నడిపేదీ ఆవిడే. నెత్తళ్ళనే చిన్న చేపల పులుసు, చోడి ముద్ద, అంటే రాగి ముద్ద, ఇంకేమీ లేవు. కమిటీ వెళ్ళేసరికి ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని ఉంది, వెనక పులుసు తెర్లుతోంది. ట్రాఫిక్ కానిస్టేబులు కదలమన్నాడట. ఆ సాయంత్రానికి అది మూడో కదలడం. మా కారు వెంట రాగా, ఇంకో రెండు వీధులవతల ఆపి దిగాక గిన్నె మూత తీసి చూసి, నోటిలో ఏదో గొణుక్కుంది.

నేను పులుసులో మునిగాను. మెస్సు సాంబారు తాగినదాన్ని కాబట్టి నా మాట మీరు నమ్మవచ్చు. చిక్కటి చింతపండు, అందులో ఆవాల ఘాటు, అడుగున ఎక్కడో చిటికెడు బెల్లం. చేపలు మాత్రం సగం చితికి ఉన్నాయి. ఆయన రుద్దాడు, చాచాడు, నేను పోశాను.

"సబ్బు."

పైడితల్లి గరిటె కింద పెట్టింది. "సబ్బేటి బాబూ?"

"గిన్నెలు సబ్బుతో తోమి సరిగా కడగలేదు నువ్వు."

"సబ్బు రాసీస్తే అది పోడానికి ఎన్ని నీల్లు కావాలి? నాకున్నవి రెండు క్యాన్లు. తాగడానికీ అయ్యే, కడగడానికీ అయ్యే. చింతపండు తుక్కెట్టి రుద్దీసి, ఏడి నీల్లతో తొలిపీడమే. నా బండిలో సబ్బు బిళ్ళ కనపడితే మీ బూటు నెత్తినెట్టుకుంటాను, ఎతుక్కోండి."

"ఆరోపణను ఖండించింది" అని చిదంబరం గారు చెప్పాడు. సాంబమూర్తి రాసుకున్నాడు. పులుసంటే వీళ్ళకు అలుసు, రాత అంటే గురి. ఇద్దరూ కారు వైపు నడిచారు. నడుస్తూ ఆయన మళ్ళీ సీసా తీసి రెండు నొక్కులు నొక్కాడు. పైడితల్లి ముక్కు ఎగబీల్చింది. చేపల మధ్య బతికే ముక్కు అది. ఎక్కడ ఏ వాసన కొత్తగా లేచినా పట్టేస్తుంది.

"ఆ బాబు సేతికి శానా రాసీసుకున్నారు, ఏటమ్మా అది?" అని అడిగింది.

హైమావతి గారు సంచి కింద పెట్టారు. ఒక పళ్ళెం అడిగి తీసుకుని, అక్కడే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ముద్ద విరిచి పులుసులో అద్దుకుని తిన్నారు. ఒక ముద్ద. ఇంకో ముద్ద. పళ్ళెం ఖాళీ అయ్యాక కారు వైపు చూశారు. అయిదేళ్ళ పప్పూ, అయిదేళ్ళ చారూ, మూడు రకాల సబ్బులూ, సత్తెమ్మ చేతులూ ఆవిడ ముఖంలో ఒక్కొక్కటే వరసగా వెళ్ళడం నేను చూశాను.

"చాలా బాగుంది. సబ్బు లేదు. చేప ఎందుకు చితికింది?" అన్నారు చివరికి.

"పులుసుకి నిదానం కావాలమ్మా. దించీసి గంటసేపు ముట్టకూడదు. నానేమో పులుసెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాను. నెత్తల్లు ఎంత, ఏలంత. బండి గతుకులో పడితే ముద్దైపోతాయి. నిలబెట్టుకోడానికి చోటు నేదు. నెలాకరికి బండి తీసుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు, ఇచ్చీద్దామనుకుంటున్నాను. ఇచ్చీసి మల్లీ ఎవులింట్లోనో వంటకి కుదిరిపోవాలి." ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు, పులుసు కలుపుతున్నట్టే చెప్పింది. "మీ పార్కులో నీడుందంట, కుళాయుందంట. నాకదే కావాలి. ఇంకేటీ వద్దు."

హైమావతి గారు నన్ను కడిగి తుడుచుకుంటూ అన్నారు: "ఆదివారం సాయంత్రం పార్కులో ఫలితం చెబుతారు. నువ్వు బండి తీసుకుని ముందే వచ్చెయ్. గేటు నేను తీయిస్తాను. నేరుగా ఆ రేకుల నీడలోకే పోనీ."

ఆదివారం వచ్చింది. పార్కులో బ్యానరు, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద మూత తీయని నీళ్ళ సీసాలు. జిలానీ, దోసెల దంపతులు, నూడిల్సు ఆయన వచ్చి కూర్చున్నారు. రేకుల నీడలో పైడితల్లి బండి నిలబడి ఉంది. ఎవరు రమ్మన్నారని సాంబమూర్తి అడిగితే, "ప్రదర్శనకండీ" అన్నారు హైమావతి గారు. అధికారి ఇంటి మాట కాబట్టి అతను తలూపాడు. ఆ రోజు పులుసు మధ్యాహ్నమే దించి అక్కడే కదలకుండా ఉంచారు. వాసన మైకు కంటే ముందు అందరికీ చేరింది.

చిదంబరం గారు నివేదిక చదివాడు. నగరంలో పారిశుధ్యం అడుగంటిందనీ, అయిదు ట్రక్కుల్లో నాలుగింట సబ్బు అవశేషాలు కనుగొనడమైనదనీ, వాటిని తిరస్కరించడమైనదనీ, సబ్బు రహితమైన ఏకైక ఆహారం మోమో అనీ, అందుచేత పార్కు స్థలం సంతోష్‌కు కేటాయించడమైనదనీ చదివాడు. చప్పట్లు పడ్డాయి. జిలానీ తన బూటు వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. పరువు పోయిన వంటవాడు అలాగే కూర్చుంటాడు.

జ్ఞాపిక ఇవ్వడానికి లేస్తూ అధ్యక్షులవారు అలవాటు ప్రకారం సీసా తీసి రెండు నొక్కులు నొక్కి రుద్దుకున్నాడు. అప్పుడే పైడితల్లి బల్ల దగ్గరకొచ్చింది.

"బాబూ, ఒక్క మాట. నా పులుసు మీకు నచ్చనేదు, ఒగ్గీండి. మీ నాలిక గొప్పదని అందరూ అంటున్నారు. ఇంకొక్కటి సూసి చెప్పండి, నాను ఎల్లిపోతాను."

పొగిడించుకున్న అధికారి కాదనలేడు. ఆమె బల్ల మీది నీళ్ళ సీసా ఒకటి తీసి, సాంబమూర్తి చేతికిచ్చి మూత తీయించింది. హైమావతి గారు సంచిలోంచి నన్ను తీసి అందించారు.

"మీ సీసాయే. మీ సెంచాయే. మీ సెయ్యే. నాదేటీ నేదు" అంది పైడితల్లి.

ఆయన చేయి చాచాడు. నేను నీళ్ళు పోశాను. ఆయన కళ్ళు మూసుకుని జుర్రాడు. మైకు ముందే ఉంది, జుర్రిన చప్పుడు పార్కంతా వినిపించింది.

"సబ్బు" అన్నాడు.

"బాగా వస్తోందండీ" అన్నాడు సాంబమూర్తి. "నాకూ ఘాటుగా తగులుతోంది."

వెనక కుర్చీల్లోంచి ఎవరో పెద్దాయన నింపాదిగా అడిగాడు: "నువ్వెక్కడ తాగావు సాంబమూర్తీ?"

మొదట జిలానీ నవ్వాడు. తర్వాత దోసెలావిడ కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరు నవ్వారో లెక్క తెలియలేదు. అరచేతిలో వైకుంఠం చూపించినవాళ్ళ గురించి విన్నాను గానీ, అరచేతిలో సబ్బు పెట్టుకుని నగరమంతా వెతికినవాణ్ణి చూడడం నాకు అదే మొదలు.

హైమావతి గారు లేచి వెళ్ళి, భర్త చేయి పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఆ చేయి ఆయన ముక్కు దగ్గరే పెట్టారు.

"ఏవండీ, అయిదేళ్ళుగా నా పప్పులో వచ్చిన సబ్బు ఇదేనా?" అన్నారు. గొంతు పెంచలేదు. "సత్తెమ్మను నేను ఏ మొహంతో పిలవాలి?"

చిదంబరం గారు తన అరచేతిని చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు లారీలు వెనక్కి తిప్పిన అరచేయి. పాపం, ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలేసింది. ఒప్పుకుంటే ఎన్ని లారీలు గుర్తుకొస్తాయో ఆయనకే తెలుసు. ఒప్పుకోవడం మనిషికి చేతకాదు, దానికి ఆఫీసులో వేరే పేరు పెట్టాలి. ఆ పేరు ఆయనకు దొరికింది. మైకు సరిచేసుకుని, గంభీరంగా తీర్మానం చెప్పాడు. సాంబమూర్తి రాసుకున్నాడు.

"సీసాలోని నీటియందు సబ్బు వాసన కనబడిన విషయమై సమగ్ర విచారణ జరుపవలెననియు, అది ముగియువరకు ఫలితమును నిలిపివేయవలెననియు, సంబంధిత ట్రక్కు, చెంచా, సీసా మొదలగు సాక్ష్యములన్నియు ఉన్నవి ఉన్నచోటనే కదలక ఉండవలెననియు తీర్మానించడమైనది."

సంతోష్ లేచి, "జ్ఞాపిక చాలండి. నా బండి ఇక్కడికి తేలేను, ట్యూషన్ సెంటరు పిల్లలు నన్ను వదలరు" అని చెప్పి దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు పులుసు బండి ముందు వరస కట్టారు. నెత్తళ్ళు ఆ రోజు చితకలేదు. వేలంత చేప వేలంతగానే పళ్ళెంలోకి దిగింది. ట్రక్కు పక్కన నన్ను కూడా సాక్ష్యంగా వదిలేశారు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. విచారణ సాగుతూనే ఉంది. నీళ్ళ కంపెనీకి మూడు ఉత్తరాలు వెళ్ళాయి, వాళ్ళు ప్రతిసారీ ఒక పెట్టె నీళ్ళు పంపి నమస్కారాలు తెలియజేశారు. సత్తెమ్మ మళ్ళీ పనిలోకి వచ్చింది. హైమావతి గారు స్వయంగా వెళ్ళి పిలిచారట. అధ్యక్షులవారు రోజూ అయిదున్నరకు పార్కుకు వచ్చి 'క్షేత్ర పరిశీలన' చేస్తాడు. పైడితల్లి ముందు ఆయన చేతి మీద వేడినీళ్ళు పోస్తుంది, తర్వాతే పులుసు. ఆయన జుర్రి, కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం చూడాలి" అంటాడు. మూడుసార్లు చూస్తాడు. నిజం ఏమిటో తెలిశాక కూడా విచారణ ఎందుకు సాగదీస్తారో నాకు ఇంతకుముందు అర్థమయ్యేది కాదు.

నిన్న సాయంత్రం సాంబమూర్తి ఒక్కడే ఫైలు పట్టుకుని వచ్చాడు. కొత్త కార్యవర్గం రాబోతోంది, ఆలోగా కాగితాలన్నీ సర్దేయాలి.

"చూడు పైడితల్లీ, విచారణ ముగిసినట్టే రాసేస్తున్నాం. స్థలానికి మళ్ళీ కొత్తగా పోటీ పెడతారు. రేపు పొద్దున్నకల్లా బండి తీసేయాలి" అన్నాడు.

పైడితల్లి గరిటె తిప్పడం ఆపలేదు. చిదంబరం గారు స్టూలు మీద చేయి చాచి కూర్చునే ఉన్నాడు, ఆ చేతిలో పులుసు ఉంది. ఆయన దాన్ని జుర్రాడు. సాంబమూర్తి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. వంగి కిందికి చూశాడు. బండి నాలుగు పక్కలా ఇటుకల దిమ్మల మీద కూర్చుని ఉంది.

"చక్రాలేవమ్మా?"

"కదలక ఉండాలని మీరే రాసినారు కదా బాబూ. బండిలో కదిలీవి అవే గదా" అంది పైడితల్లి. "తీసీసినాను. పళ్ళెం ఎట్టమంటారా?"